ఆశా కార్యకర్తకు ఏం నేర్పాం, ఎంతవరకు చేయనిచ్చాం

ఆశా కార్యకర్తల ధర్నా వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర చర్చంతా పారితోషికం చుట్టూనే తిరుగుతుంది. అది న్యాయమైన చర్చే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది, అది సుమారు యాభై ఏళ్ల నాటిది. ఊళ్లోనే ఉండే, పెద్ద చదువులు లేని మనిషికి జబ్బుల గురించి ఎంత నేర్పాలి? నేర్పాక ఆ మనిషి చేత ఎంతవరకు వైద్యం చేయనివ్వాలి? పారితోషికం తక్కువగా ఉండటానికి మూలం కూడా ఇక్కడే ఉందని నేను అనుకుంటాను. ఎందుకంటే ఆమె పనిని మనం వైద్యంగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లే పనిగానే చూశాం.

1975లో కేంద్రం వేసిన శ్రీవాస్తవ కమిటీ ఒక సూచన చేసింది: ఊరి వాళ్లలోంచే కొందరిని తీసుకుని మామూలు జబ్బులకు చికిత్స నేర్పండి అని. రెండేళ్లకు జనతా ప్రభుత్వం వచ్చింది, రాజ్ నారాయణ్ ఆరోగ్య మంత్రి. 1977 అక్టోబర్ 2న ఊరి ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలైంది. వెయ్యి జనాభాకు ఒక కార్యకర్త, పీహెచ్‌సీలో మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయలు, ఒక మందుల పెట్టె. జ్వరానికి, విరేచనాలకు మందివ్వడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం, చేతికి మించిన కేసైతే పీహెచ్‌సీకి పంపడం. కాగితం మీద చూస్తే తర్వాత వచ్చిన ఆశా పథకం కంటే ఎక్కువ నమ్మకం ఉంచిన పథకమే అది, ఈ మాట ఇప్పుడు చాలామందికి తెలియదు.

మరి ఎక్కడ దెబ్బతింది? ఎంపిక దగ్గరే. చాలా ఊళ్లలో సర్పంచ్‌కో పెద్ద రైతుకో కావాల్సిన వాళ్లకే ఆ పని దక్కింది, ఎక్కువమంది మగవాళ్లు. గర్భిణిని, బాలింతను, పాలు తాగే బిడ్డను చూడాల్సిన పనికి మగవాణ్ని పెడితే ఆ ఇంటి గడప లోపలికి ఎవరు రానిస్తారు? రెండో లోపం ఇంకా పెద్దది. మూడు నెలలు అయిపోయాక మళ్లీ నేర్పడానికి, ఏం చేస్తున్నావని అడగడానికి, తప్పు చేస్తే దిద్దడానికి సరైన ఏర్పాటు లేదు. మందులు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. తర్వాత పథకానికి రెండుసార్లు పేరు మార్చారు, కార్యకర్తలు ఉద్యోగ హక్కు కోసం కోర్టుల చుట్టూ తిరిగారు, చివరికి 2002లో కేంద్రం డబ్బు ఆపేసింది.

ఇదంతా జరుగుతున్న కాలంలోనే, మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో వేరే కథ నడుస్తోంది. డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే దంపతులు 1970లో అక్కడ పని మొదలుపెట్టారు. వాళ్లు తీసుకున్నది ఆడవాళ్లను, అందులో చాలామంది దళితులు, అక్షరం రానివాళ్లు కూడా ఉన్నారు. వీళ్ల శిక్షణకు ముగింపు తేదీ లేదు. వారం వారం జామ్‌ఖేడ్ వచ్చేవాళ్లు, రాత్రి అక్కడే ఉండేవాళ్లు, ఆ వారం ఊళ్లో ఎదురైన కేసులు ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు, కొత్తది కొంచెం నేర్చుకుని వెళ్లేవాళ్లు. పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పేవాళ్లు. అంటరానిదని ఊరు దూరం పెట్టిన ఆడమనిషే ఆ ఊరి పురుళ్లు చూసే స్థాయికి వచ్చింది. 1977 పథకం వాళ్లకు ఈ నమూనా తెలియక కాదు, తెలుసు. ఎంతమందికి శిక్షణ ఇచ్చామో లెక్క చూపడం ప్రభుత్వానికి తేలిక, ప్రతి వారం కూర్చుని నేర్పడం కష్టం, అంతే.

ఇక గడ్చిరోలి, అదీ మహారాష్ట్ర జిల్లానే. మన కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరొంచ, అక్కడ తెలుగు వినపడుతుంది, అది ఈ గడ్చిరోలి జిల్లాలోదే. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ 1980ల్లో అక్కడ పని మొదలుపెట్టారు. పిల్లలు న్యుమోనియాతో పోతున్నారు, డాక్టరు దూరం. న్యుమోనియాను గుర్తుపట్టడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో లెక్కపెడితే చాలు: రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, అంతకు చేరితే ప్రమాదం. లెక్క రాని వాళ్ల కోసం పూసలతో ఒక చిన్న పరికరం తయారుచేశారు, ఒక్కో పూస జరుపుతూ లెక్కపెట్టొచ్చు.

తర్వాత పుట్టిన బిడ్డల మీద దృష్టి పెట్టారు. 39 ఊళ్లలో ఆడవాళ్లకు నేర్పారు. బిడ్డను వెచ్చగా ఉంచడం, తూకం వేయడం, పుట్టగానే ఊపిరి తీసుకోకపోతే ఏం చేయాలి, ఒంట్లోకి ఇన్‌ఫెక్షన్ పాకితే దాని గుర్తులేంటి, అప్పుడు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలి. అవును, ఇంజెక్షన్, అదీ కొద్దిపాటి చదువున్న పల్లెటూరి ఆడమనిషి చేతికి. రెండు వారాలకోసారి సూపర్‌వైజర్ వచ్చి చూసేవాడు. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది: మూడో ఏడాదికి, పోల్చి చూసిన మిగతా ఊళ్ల కంటే ఇక్కడ నెల లోపు బిడ్డల మరణాల రేటు దాదాపు 62 శాతం తక్కువ. ఈ అంకె ఎప్పుడు చదివినా నాకు ఒకటే ఆలోచన, ఆ ఊళ్లలో బతికిన పిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు దాటి ఉంటాయి.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పాటు ఆశా వచ్చింది. ఈసారి ఆడవాళ్లే, ఆ ఊరి కోడలో ఆడపడుచో, అంటే 1977 పాఠంలో ఒకటి నేర్చుకున్నారు. రెండోది నేర్చుకోలేదు. మొదటి శిక్షణ మొత్తం 23 రోజులు, దఫాలుగా. పని ప్రధానంగా అనుసంధానం: గర్భిణిని ఆసుపత్రిలో కాన్పుకి తీసుకెళ్లడం, టీకాల రోజున పిల్లల్ని పిలుచుకురావడం. జీతం లేదు, కేసుకు ఇంత అని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏజెన్సీలో అప్పటికే సీహెచ్‌డబ్ల్యూలు (ఊరి ఆరోగ్య కార్యకర్తలు) ఉండేవాళ్లు, తర్వాత వాళ్లలో చాలామంది ఆశాలయ్యారు. ఏజెన్సీలో మలేరియా టెస్ట్ కిట్‌తో వేలి చివర రక్తపు చుక్క తీసి, అక్కడికక్కడే ఫలితం చూసి మాత్రలు మొదలుపెట్టడం ఆశాలకు నేర్పారు. వానాకాలంలో వాగు దాటలేని ఊళ్లో ఇదెంత పెద్ద సంగతో అక్కడివాళ్లకే తెలుసు. నమ్మి చేతికిస్తే చేయగలరనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

2011లో గడ్చిరోలి పాఠం దేశమంతటికీ వచ్చింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికెళ్లి చూడాలి, అన్నీ పూర్తయితే 250 రూపాయలు. మంచి అడుగే. కానీ ఇంజెక్షన్ మాత్రం ఆమె చేతికి రాలేదు, 2014లో ఏఎన్ఎంకి ఇచ్చారు. గుర్తుపట్టడం ఆశా పని, పంపడం ఆశా పని, మందు వేరొకరి పని. దేశమంతా ఇంజెక్షన్లు ఇప్పిస్తే ప్రమాదం కదా అంటే, నిజమే, గడ్చిరోలిలో రెండు వారాలకోసారి వచ్చే సూపర్‌వైజర్ లాంటి ఏర్పాటు లేకుండా నేనూ ఒప్పుకోను. అయితే ఆ ఏర్పాటు పెట్టడం మానేసి ఇంజెక్షన్ తీసేయడం తేలిక దారి. మన పల్లెల్లో ఆ ఖాళీ ఖాళీగా ఉండదు కూడా, రాత్రి పదింటికి బిడ్డకు జ్వరమొస్తే తలుపు తట్టేది ఆర్‌ఎంపీ ఇంటిదే. ఆయన సరైన శిక్షణ లేకుండానే ఇంజెక్షన్ ఇస్తాడు.

2017 నుంచి ఆశా మీద ఇంకో బరువు పడింది: 30 ఏళ్లు దాటిన వాళ్లందరి వివరాలు ఫారంలో నింపాలి, బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షలకు తీసుకురావాలి. దీనికిచ్చిన శిక్షణ ఐదు రోజులు. పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 ఊళ్లలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది, ఫలితాలు 2019లో వచ్చాయి. ఆశాలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్లను గుర్తించి డాక్టరు దగ్గరికి పంపారు. స్క్రీనింగ్ చక్కగా జరిగింది. బీపీ అదుపులోకి వచ్చిన వాళ్ల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరుసటి ఏడాది బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల నుంచి వచ్చిన ఇంకో ప్రయోగంలో బీపీ తగ్గింది. అక్కడ కార్యకర్తలు మూడు నెలలకోసారి ఇంటికెళ్లి బీపీ చూశారు, డాక్టర్లకు కూడా శిక్షణ ఇచ్చారు. రెండూ ఒకే రకం ప్రయోగాలు కావు, పక్కపక్కన పెట్టి తేల్చేయడం సరికాదు. అయినా గుర్తించి పంపడంతోనే పని అయిపోదని పశ్చిమ గోదావరి ఫలితం గట్టిగానే చెబుతోంది.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఆశాల గౌరవ వేతనం 10,000 రూపాయలకు పెరిగింది, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది. రెండూ సంతోషమే. మనం అడగాల్సినవి ఇంకా ఉన్నాయి: నెలకోసారైనా పీహెచ్‌సీలో రిజిస్టర్లు పక్కనపెట్టి కేసుల గురించి మాట్లాడుకునే శిక్షణ, కిట్‌లో అయిపోగానే వచ్చే ఓఆర్ఎస్, జింక్, పారాసిటమాల్, పనిచేసే బీపీ మిషన్, డాక్టరు రాసిన బీపీ మాత్రలు నెలనెలా ఇంటి దగ్గరే ఇచ్చే అధికారం.