పేజీ ఉంది, వెతికితే దొరకదు: మన తిరుపతి దుకాణాల అపోహలు - వాస్తవాలు

తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు వైపు దుకాణాల ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలు చూసుకోవడం నా పని. "రోజూ పోస్టులు పెడుతూనే ఉన్నాం, ఎవరైనా వెతికితే మాత్రం మేం కనిపించం" అనే మాట దాదాపు ప్రతి దుకాణంలోనూ వింటాను. కష్టపడేవాళ్లకు ఫలితం దక్కకపోతే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నా ఫోన్లో వెతికితే మా పేజీయే మొదట వస్తోంది.

రోజూ ఆ పేజీ తెరిచేది మీరే కాబట్టి వస్తుంది. వెతికే మనిషి ఇదివరకు ఏం చూశాడు, ఎవరిని ఫాలో అవుతున్నాడు అన్నదాన్ని బట్టి ఫలితాల వరుస మారుతుంది. మీ పేజీ ఎప్పుడూ చూడని వాళ్ల ఫోన్ అడిగి తీసుకోండి. దుకాణం పేరు కాకుండా సరుకు పేరు, ఊరి పేరు కొట్టి చూడండి. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

అపోహ: దుకాణం పేరు ఉంటే చాలు, వెతుక్కుంటూ వస్తారు.

మన ఊళ్లో ఇది మరీ కష్టం. ఏ వీధిలో చూసినా బాలాజీ, శ్రీనివాస, పద్మావతి, వెంకటేశ్వర. భక్తితో పెట్టుకున్న పేర్లు, మార్చమని ఎవరినీ అడగను. పక్కన ఏం అమ్ముతారో, ఎక్కడ ఉన్నారో చేర్చమంటాను. వెతుకులాటలో అన్నిటికంటే ముఖ్యమైనది వెతికే పెట్టెలో కొట్టిన మాటేనని ఇన్‌స్టాగ్రామే 2021లో చెప్పింది. యూజర్‌నేమ్‌తో పాటు దాని కింద పెట్టుకునే పేరు కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడ "కలంకారీ చీరలు, శ్రీకాళహస్తి" అని ఉంటే ఆ మాటలతో వెతికేవాళ్లకు మీరు దొరికే అవకాశం ఉంది. ఆ పేరును 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తారు, ఆలోచించి పెట్టండి.

చోటు రాసేటప్పుడు మీ గిరాకీ ఎవరో చూసుకోండి. బైరాగిపట్టెడ, కొర్లగుంట అంటే ఊరివాళ్లకు తెలుస్తుంది. చెన్నై నుంచో బెంగళూరు నుంచో దర్శనానికి వచ్చినవాళ్లకు తెలిసినవి అలిపిరి, బస్టాండు, రైల్వే స్టేషన్. యాత్రికుల మీద నడిచే హోటలైతే బయోలో, అంటే పేజీ పైన రాసుకునే చిన్న పరిచయంలో, ఆ మాటలే ఉండాలి. ఇంకొకటి, ఇంగ్లీషు అక్షరాల్లో తిరుపతిని కొందరు 'హెచ్' పెట్టి రాస్తారు, కొందరు పెట్టకుండా. శ్రీకాళహస్తి సంగతీ అంతే. పేరులో ఒక రకంగా, బయోలోనో పోస్టుల్లోనో రెండో రకంగా రాయండి.

వంకర టింకర అలంకార అక్షరాలతో పేరు రాయించుకోవద్దు. కంటికి ఒకేలా కనిపించినా కంప్యూటర్‌కు అవి వేరే అక్షరాలు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లు కూడా వాటిని సరిగ్గా చదవలేవు.

అపోహ: వివరాలన్నీ పోస్టర్‌లోనే ఉన్నాయి కదా.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. డబ్బిచ్చి పోస్టర్ చేయిస్తారు. చీర రకం, ధర, చిరునామా, ఫోన్ నంబరు అన్నీ బొమ్మలోనే. కింద రాసేది మాత్రం "శుభోదయం" లేదా రెండు పువ్వులు. వెతికినప్పుడు దొరకాలంటే మాటలు క్యాప్షన్‌లో (బొమ్మ కింద రాసేదానిలో) ఉండాలి, కామెంట్లలో కాదు అని ఇన్‌స్టాగ్రామ్ సలహా. "చేత్తో వేసిన పెన్ కలంకారీ పట్టు చీర, శ్రీకాళహస్తి" అని ఒక్క వాక్యం రాయండి. లొకేషన్ పెట్టండి. 2025 జూలై నుంచి ప్రొఫెషనల్ ఖాతాల (వ్యాపారం లాంటి పనులకు పెట్టుకునేవి) పబ్లిక్ పోస్టులు గూగుల్‌లో కూడా కనిపించే వీలు వచ్చింది కాబట్టి ఆ వాక్యం విలువ ఇంకా పెరిగింది.

అపోహ: తిరుమల, టీటీడీ, గోవిందా అని ట్యాగులు పెడితే జనం వస్తారు.

ఆ మాటలతో వెతికేవాళ్లకు కావలసింది దర్శనం వివరాలు, మీ సెల్‌ఫోన్ కవర్లు కాదు. సరుకుకు సంబంధించిన మూడు నుంచి ఐదు ట్యాగులు చాలు. హ్యాష్‌ట్యాగును ఫాలో అయ్యే సదుపాయాన్ని ఇన్‌స్టాగ్రామ్ 2024 డిసెంబరులోనే తీసేసింది.

మిఠాయి దుకాణాలవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. వెతుకులాటలో పైకి రావడానికి పేజీ పేరులో "తిరుపతి లడ్డూ" అని చేర్చకండి. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పేరు టీటీడీ ప్రసాదానిది. చట్టం సంగతి అలా ఉంచండి, దూరం నుంచి వచ్చిన భక్తుడు ప్రసాదమనుకుని మోసపోతాడు. మీరు చేసేది నేతి బూందీ లడ్డూ అయితే అదే రాయండి, దానికీ వెతికేవాళ్లున్నారు.

అపోహ: ఫాలోవర్లను కొంటే పైకి వస్తాం.

రారు. కొన్న ఖాతాలు మీ దగ్గర చీర కొనవు, పోస్టు ఎవరికీ పంపవు. దొరికితే ఇన్‌స్టాగ్రామ్ వాటిని తీసేస్తుంది కూడా.

అపోహ: పాత పేజీ పనిచేయడం లేదు, కొత్తది తెరుద్దాం.

అలా తెరిచి తెరిచి ఒకే దుకాణానికి ఫేస్‌బుక్‌లో మూడు పేజీలవుతాయి. ఒకదానిలో పాత నంబరు, ఇంకొకదానిలో పాత చిరునామా. వెతికినవాళ్లకు ఏది అసలుదో తెలియదు. రెండింటికీ మీరే అడ్మిన్ అయి, పేర్లు దగ్గరగా ఉండి, రెండూ ఒకే దుకాణానివైతే కలపమని ఫేస్‌బుక్‌ను అడగవచ్చు. లైకులు, చెకిన్లు (మీ దుకాణానికి వచ్చామని జనం పెట్టే గుర్తులు) ఒకచోటికి చేరతాయి. వదిలేసే పేజీలోని ఫొటోలు, రివ్యూలు మాత్రం పోతాయి, మళ్లీ వెనక్కి రావు. అందుకని ఫొటోలు ముందే దించి పెట్టుకోండి, మంచి రివ్యూలు ఏ పేజీలో ఎక్కువ ఉంటే దాన్నే ఉంచుకోండి.