గెల పైకి పోయే కొద్దీ: పామాయిల్ కోత పనిముట్ల వెనుక కథ

తెలంగాణలో 2022 ప్రాంతంలో నాటిన పామాయిల్ తోటల్లో గెలలు ఇంకా చేతికి అందే ఎత్తులోనే ఉన్నాయి. నిలబడి ఉలితో నాలుగు పోట్లు పొడిస్తే గెల ఊడి పడుతుంది. ఏలూరు జిల్లా పెదవేగి వైపు ముదురు తోటల్లో అదే గెల కోయాలంటే తల వెనక్కి వాల్చి, పొడవాటి గెడ పైకెత్తాలి. చెట్టు ఏటా దాదాపు అర మీటరు పెరుగుతుంది, పాతికేళ్లకు పైగా కాస్తుంది. ఈ పంట కోత పనిముట్ల చరిత్ర అంతా ఆ అర మీటరు చుట్టూ తిరిగిందే.

ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. అక్కడి అడవి అంచుల్లో, ఎవరూ వరుసకట్టి నాటని చెట్లకు మన గీత కార్మికుల మోకులాంటి తాడు చుట్టుకుని ఎక్కేవారు. ఒక చెట్టుకు ఒకటో రెండో గెలలు కోసి దిగేవారు. ఇంటి నూనెకు అది చాలు. 1848లో జావా దీవిలోని బొగోర్ ఉద్యానానికి నాలుగు మొక్కలు చేరాయి. 1911లో సుమత్రాలో, 1917లో నేటి మలేషియాలోని మలయాలో వ్యాపార తోటలు మొదలయ్యాయి. వేల ఎకరాల ఎస్టేటులో చెట్టుచెట్టూ ఎక్కి దిగుతూ కూర్చుంటే కూలి గిట్టదు. అందుకే కోసేవాడు నేల మీదే నిలబడ్డాడు, పనిముట్టు పైకి వెళ్లింది. పొట్టి చెట్టుకు ఉలి, పొడుగు చెట్టుకు వెదురు గెడకు బిగించిన కొడవలి. తర్వాత వెదురు స్థానంలో అల్యూమినియం గొట్టం వచ్చింది.

ఉలి నుంచి కొడవలికి మారడం వెనుక అలవాటు కాదు, బలాల లెక్క ఉంది. పొడవాటి గెడతో పొడిస్తే అది మధ్యలో విల్లులా వంగుతుంది, దెబ్బలో సగం ఆ వంపులోనే పోతుంది. అదే గెడను కిందికి లాగితే నిటారుగా బిగుస్తుంది. పైగా మట్టను కింది నుంచి పొడిస్తే దాని బరువుకే కోత మూసుకుని ఉలిని పట్టేస్తుంది. పైనుంచి కొడవలి తగిలించి లాగితే మట్ట వాలే కొద్దీ కోత నోరు తెరుచుకుంటుంది. మన దగ్గర సిఫార్సు కూడా ఈ క్రమంలోనే ఉంటుంది: లేత తోటలో గెల కింది మట్ట దెబ్బ తినకుండా 6 నుంచి 9 సెంటీమీటర్ల ఉలి, నాలుగు మీటర్ల ఎత్తు దాకా 14 సెంటీమీటర్ల ఉలి, ఆపైన కొడవలి.

కొడవలికీ హద్దుంది. పడుకోబెట్టిన గెడ తన బరువుకు తాను వంగే వంపు పొడవు రెట్టింపైతే పదహారు రెట్లవుతుంది. అందుకే కోయడం కంటే గెడను నేల మీంచి లేపి నిలబెట్టడమే కష్టం. గొట్టంలో గొట్టం దూర్చే రకంలో బిగింపు అరిగితే కొస ఊగుతుంది. కొడవలి కాడ మీద పడాల్సింది పోయి పక్క మట్టలో దిగుతుంది. ఇక పది మీటర్ల నుంచి పడే 20 కిలోల గెల నేల తాకేసరికి గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కోసేవాడు గెలకు నేరుగా కింద కాక పక్కకు ఎందుకు నిలబడతాడో వేరే చెప్పక్కర్లేదు.

మలేషియాలో ట్రాక్టర్ మీద క్రేన్‌లాంటి చెయ్యి బిగించిన యంత్రాలనూ ప్రయత్నించారు. మెత్తటి నేలలో, ఏటవాలులో, నరికిన మట్టల కుప్పల మధ్య అవి ప్రతి చెట్టు దగ్గరా సర్దుకుని నిలబడేసరికి మనిషి మూడు చెట్లు దాటేస్తాడు. చివరికి నిలబడింది చేతిలో పట్టే మోటారు కొడవలి. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ 2000ల దశకంలో తెచ్చిన ‘కాంటాస్’లో చిన్న పెట్రోలు ఇంజన్ కింద మనిషి దగ్గరే ఉంటుంది, గొట్టం లోపల తిరిగే కడ్డీ కొసన ఉన్న కొడవలిని ముందుకూ వెనక్కూ వేగంగా ఆడిస్తుంది. బరువును కొసన పెట్టకపోవడమే అందులోని తెలివి. ఇబ్బందులు కూడా అక్కడి నుంచే వస్తాయి: గొట్టం పొడవు పెంచితే కడ్డీ కొట్టుకుంటుంది, అదురుకు చేతులు తిమ్మిరెక్కుతాయి. కొబ్బరికి వాడే కేరళ చెంబేరి రకం చెట్టెక్కే పరికరం ఇక్కడ పనికిరాదా అని అడిగేవారున్నారు. దానికి నున్నటి మాను కావాలి. పామాయిల్ మానుకు ముళ్ల మట్టల మొదళ్లు ఏళ్ల తరబడి అంటుకునే ఉంటాయి.

ఇవన్నీ ఎస్టేటు కోసం పుట్టినవి. మన కథ వేరు. 1988లో కేంద్రం వేసిన చద్దా కమిటీ ఈ పంటకు అనువైన భూములు గుర్తించింది, 1991-92లో కేంద్ర అభివృద్ధి కార్యక్రమం మొదలైంది, 1993లో ఆంధ్రప్రదేశ్ చట్టం ఫ్యాక్టరీలకు ప్రాంతాలు కేటాయించింది. గెల ఏ మిల్లుకు వెళ్లాలో తేలింది. కోత భారం మాత్రం రైతు మీదే పడింది.

ఆ రైతు లెక్క చూడండి. తొమ్మిది మీటర్ల ముక్కోణపు దూరంలో ఎకరాకు 57 చెట్లు. మంచి తోటలో ఎకరాకు ఏడాదికి 8 టన్నులు. పది, పన్నెండు రోజులకో కోత కాబట్టి ఏడాదికి ముప్ఫై పైచిలుకు కోతలు. అంటే ఒక్కో కోతకు ఎకరాకు సుమారు 240 కిలోలు, పదిహేను గెలలు. అయిదెకరాల తోటకు డెబ్బై అయిదు గెలలు! వాటి కోసం 285 చెట్ల మొవ్వుల్లోకీ చూడాలి, అయిదో పదో పళ్లు రాలిన చెట్టును పట్టుకోవాలి, కాడ పొట్టిగా నరకాలి, నూనె ఎక్కువుండే విడి పళ్లు ఏరాలి, గట్టు దాకా మోయాలి. మోటారు కొడవలి ఆదా చేసేది కోత క్షణాలను మాత్రమే. పూట పని చేసి పది రోజులు మూలన పడే యంత్రం ఒక్క రైతుకు గిట్టదు. రోజుకు రెండు తోటల చొప్పున ఇరవై తోటలు తిరిగే ముఠా చేతిలో ఉంటేనే దానికి పని. గెల కోసిన 24 గంటల్లోపు మిల్లు చేరకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది కాబట్టి, యంత్రం మొరాయిస్తే ఒక్కరోజు ఆలస్యం కూడా దెబ్బే.

ఇంకో తేడా నీళ్లది. మలేషియాలో వాన మీదే తోట నడుస్తుంది. మన పాదుల్లో పైపులు, నీళ్లు చిమ్మే మైక్రో జెట్లు ఉంటాయి. ట్రాక్టర్ యంత్రం వస్తే ముందు నలిగేవి అవే. పోనీ చెట్టునే పొట్టిగా ఉంచుదామంటే, మధ్య, దక్షిణ అమెరికా జాతితో కలిపిన సంకరాలు నెమ్మదిగా పెరుగుతాయి గానీ వాటిలో చాలావాటికి మనిషే పుప్పొడి అద్దాలి. కోతలో తగ్గిన కూలి అక్కడ తేలుతుంది.

2021లో 11,040 కోట్లతో వచ్చిన జాతీయ పథకం తర్వాత నాటిన తోటలు 2032 ప్రాంతంలో ఉలి ఎత్తు దాటతాయి. పైపులు లోతుగా పూడ్చి, మట్టలను వరుస విడిచి వరుసలోనే పేర్చి, మధ్య దారిని బండికి వదిలిన తోటకు అప్పటికి ఏ పనిముట్టు వచ్చినా పట్టే చోటుంటుంది. 11 కేవీ లైను కింద నాటిన వరుసకు ఆ వెసులుబాటు ఉండదు. అల్యూమినియం గెడ తీగకు తగలనక్కర్లేదు, దగ్గరికి వెళ్తేనే చాలు. ఈరోజు ఆ వరుసలో గెలలు నడుమెత్తులో ఉన్నాయి కాబట్టి కోసేవాళ్లెవరూ పైకి చూడటం లేదు.