కొత్త శాటిలైట్ ఎగిరిందని మీ పాత డిష్ మార్చక్కర్లేదు

కాశీనగర్‌లో ఒక మామ్మ ఇంట్లో వారం నుంచి టీవీ రావడం లేదు. నేను వెళ్లేసరికే ఎవరో వచ్చి "కొత్త శాటిలైట్ ఎగరేశారు, ఇక ఈ డిష్, బాక్సు పనికిరావు" అని చెప్పి, పద్దెనిమిది వందలు అడ్వాన్సు పట్టుకెళ్లాడు. అవి పింఛను డబ్బులు. మేడెక్కి ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర ఉండే, సిగ్నల్ పట్టే చిన్న పరికరం) దగ్గర కనెక్టర్ విప్పి చూశాను. లోపలి రాగి తీగ పచ్చగా చిలుం పట్టింది. కేబుల్ వంచితే రెండు చుక్కల నీళ్లు కారాయి. జానెడు కోసేసి, కొత్త కనెక్టర్ బిగించి టేపు చుట్టాను. బొమ్మ వచ్చేసింది.

పర్లాకిమిడి చుట్టుపక్కల పదిహేనేళ్లుగా డిష్‌లు బిగిస్తున్నాను. జనం జేబులు ఎక్కువగా ఖాళీ చేస్తున్న అపోహ ఇదే. రాకెట్ వార్త టీవీలో వస్తే చాలు, మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు.

2025 నవంబరు 2న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ తీసుకెళ్లింది సీఎంఎస్-03 అనే శాటిలైట్‌ని. దాదాపు 4,410 కిలోల బరువు. అది ముఖ్యంగా మన నౌకాదళం కోసం. మీ ఇంట్లో సీరియల్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ వారంలోనే మామ్మ డబ్బు పోయింది.

టీవీ శాటిలైటే ఎగిరిందనుకుందాం. అప్పుడు కూడా రాత్రికి రాత్రి ఏమీ మారదు. రాకెట్ దాన్ని కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదిలేస్తుంది. అక్కడి నుంచి శాటిలైట్ తన ఇంజన్ తానే మండించుకుంటూ, కొన్ని రోజులకు భూమధ్యరేఖ పైన 35,786 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఆ తర్వాత వారాల తరబడి పరీక్షలు. అవన్నీ అయ్యాకే ఛానెళ్లు ఎక్కిస్తారు.

ఇంకో మాట. మీ డిష్ చూసేది ఆకాశంలో ఒక చోటుని. నెలవారీ చందా లేని దూరదర్శన్ ఫ్రీ డిష్‌కి ఆ చోటు 93.5 డిగ్రీల తూర్పు. ముందు అక్కడ ఇన్‌శాట్-4బీ అనే శాటిలైట్ ఉండేది. 2015లో ఎగిరిన జీశాట్-15 కూడా అదే చోటికి వచ్చింది. చోటు మారలేదు కాబట్టి డిష్ తిప్పే పనే లేదు. కంపెనీ నిజంగా చోటు మారిస్తేనే తిప్పాలి, అది టీవీలోనే ముందుగా చెప్తారు. కొన్ని ఛానెళ్లు ఎంపెగ్-4లో (బొమ్మని కుదించి పంపే కొత్త పద్ధతి) వస్తాయి, పాత పద్ధతి ఎంపెగ్-2 బాక్సులో కనిపించవు. అది మాత్రం నిజం. అయితే అప్పుడు మార్చాల్సింది బాక్సునే. డిష్ జోలికి పోనక్కర్లేదు.

"పాతది దింపేస్తారట కదా బాబూ, మన మీద పడదా?" అని అడిగింది మామ్మ. పడదు. ఇన్‌శాట్-4బీ పని అయిపోయాక, 2022 జనవరిలో దాన్ని ఇంకా పైకి, దాదాపు 340 కిలోమీటర్లు నెట్టేశారు.

డిష్ నుంచి రేడియేషన్ వస్తుందనేది మరొకటి. గుణుపురంలో నెలలు నిండిన కోడలుందని ఒకాయన డిష్ పీకించేయబోయాడు. ఆయన భయం నాకు అర్థమైంది, అందుకే కూర్చోబెట్టి చెప్పాను: ఇది పై నుంచి వచ్చేది పట్టుకుంటుందే తప్ప ఏమీ పంపదు. వచ్చేది కూడా ఎంత సన్నగా ఉంటుందంటే, ఎల్‌ఎన్‌బీ దాన్ని పెంచితే గానీ బాక్సు అందుకోలేదు.

కొండ అడ్డమని టెన్షన్ పడేవాళ్లు కూడా ఉన్నారు. డిష్ నిటారుగా నిలబడినట్టు కనిపిస్తుంది గానీ, మన దగ్గర అది చూసేది దాదాపు 65 డిగ్రీల ఎత్తుకి. మహేంద్రగిరి అడ్డు రాదు. పెరట్లో పెరిగిన కొబ్బరిచెట్టు మాత్రం వస్తుంది. గట్టి వానలో బొమ్మ పోతే, వాన తగ్గాక అదే వస్తుంది.

మార్చి రెండో వారం ప్రాంతంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో పొద్దున పదకొండు ప్రాంతంలో కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. అప్పుడు సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు. ఎల్‌ఎన్‌బీ మూతి మీద వెలుగు ముద్దలా పడటం మీరే చూడొచ్చు. నాలుగైదు రోజులు ఓపిక పట్టండి, ఎవరికీ డబ్బులివ్వకండి.

అడ్వాన్సు తీసుకున్నతను ఇప్పటిదాకా రాలేదు. వస్తే ముందు నాకు ఫోన్ చేయమని మామ్మకి చెప్పి, టీవీ పక్క గోడ మీద నా నంబరు పెద్ద అంకెలతో రాసి వచ్చాను.