మేకప్ వల్ల వచ్చే మొటిమలు: అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ ముగిసిన నెలా నెలన్నరకు మా చర్మ వైద్యుల దగ్గరికి ఒకే రకం సమస్యతో చాలామంది వస్తారు. చీము పట్టిన పెద్ద మొటిమలు కావు. బుగ్గలు, గడ్డం, నుదురు మీద చర్మం రంగులోనే ఉండే చిన్న చిన్న పొక్కులు. ఎదురుగా లైటు వేసి చూస్తే సరిగ్గా కనబడవు. మొహాన్ని కిటికీ వైపు కాస్త పక్కకు తిప్పితే బొంబాయి రవ్వ చల్లినట్టు తేలతాయి. 1972లో క్లిగ్‌మన్, మిల్స్ అనే అమెరికన్ పరిశోధకులు వీటికి 'ఆక్నె కాస్మెటికా', అంటే మేకప్ వల్ల వచ్చే మొటిమలు, అని పేరు పెట్టారు. వీటిని రాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు. కొన్ని నమ్మకాలే అడ్డుపడుతున్నాయి.

అపోహ: నిన్న రాసుకున్న క్రీమ్ వల్లే ఈ రోజు మొటిమ వచ్చింది.

వాస్తవం: నిన్న రాసింది ఈ రోజే దురద, మంట, ఎర్రదనం తెస్తే అది చాలావరకు అలర్జీయో ఇరిటేషనో అయి ఉంటుంది. మొటిమ సంగతి వేరు. చర్మ రంధ్రంలో జిడ్డు, మృతకణాలు పేరుకుని అది మూసుకుపోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దాంతో నిన్న కొన్న సీసాను పారేసి, రెండు నెలలుగా వాడుతున్న అసలు ఫౌండేషన్‌ను అలాగే కొనసాగిస్తారు. పైగా పొక్కులు కప్పడానికి దాన్నే ఇంకాస్త మందంగా వేస్తారు. నేను అందరికీ చెప్పేది ఒకటే: కొత్తది ఏదైనా ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టండి. మూత మీద మార్కర్‌తో తేదీ రాయండి. ముందు దవడ పక్కన మాత్రమే మూడు నాలుగు వారాలు వాడి చూడండి. మానేశాక కూడా అంతే, పది రోజుల్లో తగ్గలేదని టెన్షన్ పడకండి. పూర్తిగా తగ్గడానికీ వారాలు, నెలలు పడుతుంది.

అపోహ: నాన్-కామెడోజెనిక్ (చర్మ రంధ్రాలను మూసెయ్యదు) అని రాసి ఉంటే నిశ్చింత.

వాస్తవం: అది తయారీదారు చెప్పుకునే మాట. మందులు, సౌందర్య సాధనాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఆ మాటకు చట్టపరమైన నిర్వచనం ఇవ్వలేదు. ఒకప్పుడు ఈ పరీక్షలు కుందేలు చెవి మీద చేసేవారు. ఆ చర్మం మన చర్మం కన్నా త్వరగా స్పందిస్తుంది. అందుకే నెట్‌లో తిరిగే 'రంధ్రాలు మూసే గుణంలో ఈ పదార్థానికి 4 మార్కులు, దీనికి 5' లాంటి పట్టికలు చూసి బెంబేలెత్తొద్దు. ఆ పదార్థం ఎంత కలిపారు, దేనితో కలిపారు అన్నది ముఖ్యం. మొటిమలు వచ్చే తత్వం ఉన్నవాళ్లు మాత్రం నాన్-కామెడోజెనిక్ అని రాసి ఉన్నవాటినే ఎంచుకోవడం మంచిది.

అపోహ: కొబ్బరి నూనె సహజమైనది కాబట్టి మేకప్ తీయడానికి అదే మేలు.

వాస్తవం: వాటర్‌ప్రూఫ్ కాటుక కూడా నూనెకు కరుగుతుంది, ఆ మాట నిజమే. కానీ కడిగాక కూడా దాని పొర మిగిలిపోతుంది. మొటిమల తత్వం ఉన్న మొహానికి అది పడదు. మైసెల్లార్ వాటర్‌తో (మేకప్ తుడవడానికి వాడే నీళ్లలాంటి క్లెన్సర్) తుడిచి, తర్వాత ఘాటు లేని ఫేస్‌వాష్‌తో కడుక్కుంటే చాలు.

తలనూనె గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నుదుటి అంచున, కణతల దగ్గర వరసగా పొక్కులుంటే ముందు నేను అడిగేది దాని గురించే. రాత్రి నూనె పెట్టుకుని పడుకుంటే అది జారి నుదుటికి, దిండు గలీబుకు, అక్కడి నుంచి బుగ్గలకు అంటుతుంది. పూర్తిగా మానెయ్యమంటే ఇంట్లో అమ్మమ్మలు ఒప్పుకోరు, మానక్కర్లేదు కూడా. తలస్నానానికి గంట ముందు పెట్టుకుని, తల రుద్దుకున్నాక నుదురు కూడా శుభ్రంగా కడుక్కోండి.

అపోహ: గట్టిగా రుద్దితే రంధ్రాలు తెరుచుకుంటాయి.

వాస్తవం: నలుగు, స్క్రబ్, నిమ్మరసం, వంటసోడా ఏదైనా సరే, మొటిమల మీద రుద్దితే వాపు పెరుగుతుంది. మన చర్మానికి ఆ వాపు నల్లమచ్చగా మారి నెలల తరబడి ఉంటుంది. ఎండ తగిలితే ఆ మచ్చ ఇంకా ముదురుతుంది. అందుకే జిడ్డు చర్మమని సన్‌స్క్రీన్ మానకండి, జెల్ రకం వాడండి.

బ్రష్‌లు, స్పాంజీలు వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పెళ్లింట్లో ఒకే స్పాంజీ నలుగురి మొహాల మీద తిరుగుతుంటే మొహమాటపడకండి, మీది మీరు తీసుకెళ్లండి.

అపోహ: పార్లర్‌లో ఇచ్చిన ఫెయిర్‌నెస్ క్రీమ్‌కి మొటిమలు తగ్గాయి, కాబట్టి అది మంచిదే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. రెండు వారాల్లో మెరుపు తెచ్చే ఇలాంటి క్రీముల్లో చాలాసార్లు బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టిరాయిడ్ ఉంటుంది. మొదట వాపు అణిగి మొహం నున్నగా అవుతుంది. తర్వాత చర్మం పల్చబడి, ఎండకు మండి, సన్నటి రక్తనాళాలు పైకి కనబడి, ఒకే సైజు మొటిమలు గుంపుగా లేస్తాయి. ఆపితే ఇంకా ఎర్రబడుతుంది. ఆ భయంతో మళ్లీ రాస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పలు స్టిరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని తేల్చింది. అయినా ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఇప్పటికే వాడుతుంటే ఎలా ఆపాలో చర్మ వైద్యులను అడగండి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును, లేబుల్ లేని డబ్బీ అయినా సరే, వెంట తీసుకెళ్లండి. ఎన్నాళ్లుగా రాస్తున్నారో దాచకుండా చెప్పండి. వైద్యం మొదలయ్యేది ఆ లెక్కతోనే.