తిప్పతీగ సంగతి

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

తిప్పతీగ రోజూ తాగితే ఏ జబ్బూ దరి చేరదని వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి, నిజమేనా తాతయ్యా అని అడిగారు కదా. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

ముందు తీగని పోల్చుకోవడం తెలియాలి. ఆకు ఇంచుమించు తమలపాకంత, అదే వాటం. కాండం మీది పల్చటి పొర గోటితో గీరితే ఊడి వస్తుంది, దాని కింద పచ్చగా ఉంటుంది. అడ్డంగా కోసి చూడండి, మధ్య నుంచి అంచు దాకా గీతలు విచ్చుకుని కనబడతాయి. చెట్టు మీంచి సన్నటి ఊడలు నేలకి దించుతుంది. మొండి తీగ! కోసిన ముక్కని గాలిలో వేలాడదీసినా చాన్నాళ్ళు చావదు. దీనికో దగ్గరి చుట్టం ఉంది. దాని కాండం నిండా బొడిపెలుంటాయి, పొర ఊడదు. రెంటినీ కలగలపొద్దని ఆయుర్వేదం లాంటి వైద్యాలు చూసే కేంద్ర ఆయుష్ శాఖ వాళ్ళూ చెప్పారు.

ఆయుర్వేదంలో దీని పేరు గుడూచి. కాండాన్ని జ్వరాలకీ, షుగరుకీ, కీళ్ళ వాతానికీ ఎప్పటినుంచో వాడుతున్నారు. షుగరు తగ్గించే గుణం జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనబడింది. మనుషుల్లో గట్టి పరీక్షలు ఇంకా చాలినన్ని జరగలేదు.

అసలు చిక్కు 'ఇమ్యూనిటీ పెంచుతుంది' అన్న దగ్గరే ఉంది. కొందరి ఒంట్లో ఆ రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత అవయవాల మీదికే తిరగబడుతుంది. అలాంటివాళ్ళకి దాన్ని ఇంకా పెంచడం మేలు ఎలా అవుతుంది? కోవిడ్ రోజుల్లో జనం టెన్షన్‌తో ఈ కషాయాలు తెగ తాగారు. 2020 చివర్లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురిలో లివరు దెబ్బతినడం గమనించారు. తర్వాత దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి ఇలాంటివే 43 కేసులు బయటికొచ్చాయి. వాళ్ళలో చాలామందికి థైరాయిడ్, షుగరు లాంటి జబ్బులు అప్పటికే ఉన్నాయి. ఆయుష్ శాఖ మాత్రం తప్పు తీగది కాదు, ఆ చుట్టం మొక్కని వాడి ఉంటారంది. ఆ వాదన తేలేదాకా జాగ్రత్తగా ఉండడమే నాకు నచ్చిన పద్ధతి.

కాబట్టి లివరు జబ్బున్నవాళ్ళూ, ఆ శక్తి సొంత ఒంటి మీదికే తిరగబడే సోరియాసిస్, రుమటాయిడ్ కీళ్ళవాతం లాంటి జబ్బులు ఉన్నవాళ్ళూ, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళూ దీని జోలికి పోకూడదు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ కూడా అంతే. షుగరు మాత్రలతో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు. మీలాంటి పిల్లలు వైద్యుడు ఇస్తే తప్ప ముట్టుకోవద్దు. జ్వరానికి కొన్నాళ్ళు వాడడం వేరు, బలానికని నెలల తరబడి తాగడం వేరు.

ఎవరైనా వాడుతుండగా ఆకలి చచ్చిపోయినా, వాంతులైనా, మూత్రం ముదురు పసుపులోకి మారినా, కళ్ళు పచ్చబడినా వెంటనే ఆపించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏ మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే పెద్దవాళ్ళు కషాయం మాట ఎత్తరు, వాళ్ళ లెక్కలో అది మందు కాదు. మీరు చెప్పండి. ఆ పొడి డబ్బా కూడా పట్టుకెళ్ళి చూపించండి.

మీ తాతయ్య