సర్టిఫికెట్‌కి అంత పొడుగు సీరియల్ నంబరు ఎందుకు?

“నా సైటును పరీక్షించుకోవడానికి నా కంప్యూటర్లో నేనే ఒక డిజిటల్ సర్టిఫికెట్ చేసుకున్నాను. ఒక్క కమాండుతో అయిపోయింది. తెరిచి చూస్తే సీరియల్ నంబరు దగ్గర ముప్పై రెండు అక్షరాల గజిబిజి కనిపించింది. చేసిందే మొదటి సర్టిఫికెట్, 1 అని వేస్తే సరిపోదా?” అని ఒక పాఠకుడు అడిగారు. డిజిటల్ సర్టిఫికెట్ అంటే ‘ఈ పబ్లిక్ కీ ఫలానా సైటుదే’ అని జారీ చేసేవారు సంతకం పెట్టి ఇచ్చే పత్రం. సర్టిఫికెట్ల గురించి ఎవరైనా నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడగాలంటే ఇదే అడగాలని నా కోరిక.

ఆయన వాడింది ఎంకేసర్ట్. 2018లో ఫిలిప్పో వల్సోర్దా గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న పనిముట్టు. మొదట -install అని చెప్పి నడిపితే ఒక రూట్ సర్టిఫికెట్, అంటే మిగతావాటికి పూచీ పడే మూల సర్టిఫికెట్ తయారుచేసి, మన కంప్యూటర్ నమ్మే జాబితాలో దాన్ని చేరుస్తుంది. ఆ తర్వాత మనం ఏ సైటు పేరు టైపు చేస్తే ఆ పేరుకి సర్టిఫికెట్ చేసి, రూట్ కీతో సంతకం పెట్టి చేతికిస్తుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే మరో పనిముట్టుతోనూ ఇదే పని చేయొచ్చు, కాకపోతే కమాండ్లు బారెడు పొడుగుంటాయి. ప్రైవేట్ కీతో సంతకం పెడతారు, పబ్లిక్ కీతో దాన్ని సరిచూస్తారు; అంతకు మించి ఆ కీల పాఠం మళ్లీ చెప్పను, అది ఎక్కడైనా దొరుకుతుంది. అసలు రుచి అంతా సంతకంలో ఉంది.

సంతకం నిజానికి సర్టిఫికెట్ మీద పడదు, దాని హాష్ మీద పడుతుంది. సర్టిఫికెట్‌లోని బైట్లన్నీ హాష్ సూత్రంలో పోస్తే ఒక చిన్న సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యకే సంతకం. కాబట్టి రెండు వేర్వేరు సర్టిఫికెట్లకు హాష్ ఒకటే అయితే, ఒకదాని మీది సంతకాన్ని తీసి రెండోదానికి అతికించొచ్చు. పరీక్షించే బ్రౌజరు తేడా కనిపెట్టలేదు.

1991లో రొనాల్డ్ రివెస్ట్ రూపొందించిన ఎండీ5 హాష్‌కి సరిగ్గా ఈ గతే పట్టింది. 2004లో షియావోయున్ వాంగ్ బృందం ఒకే ఎండీ5 హాష్ వచ్చే జంటలను చూపించింది. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా పట్టుకోవాలి. ఎవరో ముందే రాసి ఉంచిన పత్రానికి జోడీ తయారుచేయడం ఎండీ5తో కూడా ఆచరణలో ఇంతవరకు సాధ్యపడలేదు. రెండు పత్రాలూ మన చేతిలోనే ఉండి, రెంటినీ అటూ ఇటూ సర్దుతూ ఒకే హాష్‌కి తీసుకురావడం మాత్రం కుదురుతుంది. అంటే దొంగకి అసలు సర్టిఫికెట్‌లో ఏముంటుందో సంతకం పడకముందే, ఒక్క బిట్ తేడా లేకుండా తెలియాలి.

ఇప్పుడు సర్టిఫికెట్ లోపలి వరస చూడండి. వెర్షను, సీరియల్ నంబరు, జారీ చేసినవారి పేరు, ఎప్పటినుంచి ఎప్పటివరకు చెల్లుతుంది, ఎవరికి ఇచ్చారు, ఆ తర్వాత పబ్లిక్ కీ, చివర్లో అదనపు వివరాలు. ఎండీ5 ఈ బైట్లను 64 చొప్పున మింగుతూ, ప్రతి ముద్దకీ తన లోపలి స్థితిని మార్చుకుంటూ పోతుంది. రెండు పత్రాల మొదటి భాగాలు ఎంత వేరుగా ఉన్నా సరే, ఆ తర్వాత లెక్కగట్టి చేర్చిన కొన్ని ముద్దలతో లోపలి స్థితుల్ని సమానం చేయగలిగితే చాలు. అక్కణ్నుంచి రెంటిలోనూ ఒకే బైట్లు వేసుకుంటూ పోతే హాష్ ఒకటే వస్తుంది. ఆ వింత ముద్దల్ని దాచేదెక్కడ? ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిలో చేసిన పబ్లిక్ కీలో! 2048 బిట్ల ఆ సంఖ్య ఎలాగూ అర్థంపర్థం లేనట్టే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

2008 డిసెంబరులో ఒక అంతర్జాతీయ బృందం దీన్ని చేసి చూపించింది. ర్యాపిడ్ఎస్ఎస్ఎల్ అనే జారీ సంస్థ అప్పటికీ ఎండీ5 వాడుతోంది. సీరియల్ నంబర్లు ఒకటి తర్వాత ఒకటి వరసగా ఇస్తోంది. పైగా దరఖాస్తు ఒప్పుకున్న సరిగ్గా ఆరు సెకన్లకు సర్టిఫికెట్ తయారయ్యేది. ఇంకేం కావాలి? శుక్రవారం నాటి నంబరు చూసి, దానికి వెయ్యి కలిపి ఆదివారం రాత్రికి లక్ష్యంగా పెట్టుకున్నారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో 200 ప్లేస్టేషన్ 3 ఆటల యంత్రాలను కలిపి ఆ నంబరుకి, ఆ సమయానికి సరిపోయే ముద్దల్ని లెక్కగట్టారు. చివరి గంటల్లో తామే సర్టిఫికెట్లు కొంటూ నంబరును లక్ష్యం అంచుదాకా తోశారు. చేతికొచ్చింది మామూలు సైటు సర్టిఫికెట్. దాని సంతకాన్ని తమ దగ్గరున్న జోడీకి అతికించారు. ఆ జోడీలో పబ్లిక్ కీ వేరు, వింత ముద్దలు దాక్కున్నది బ్రౌజర్లు పట్టించుకోని ఒక పాత వ్యాఖ్య గడిలో, అన్నిటికీ మించి ‘ఇతను ఇతరులకు సంతకం పెట్టొచ్చు’ అనే అనుమతి ఉంది. ఆ కాలపు బ్రౌజర్లన్నీ నమ్మే జారీ సంస్థ ఒకటి అలా పుట్టుకొచ్చింది. దుర్వినియోగం కాకుండా దాని గడువు 2004లోనే ముగిసినట్టు వాళ్లే రాసుకున్నారు.

‘బ్రౌజరులో తాళం బొమ్మ కనిపిస్తే ఆ సైటు మంచిది’ అని ఇప్పటికీ తరగతుల్లో నేర్పుతున్నారంటే బాధేస్తుంది. ఆ బొమ్మను తాయెత్తులా నమ్మించే బదులు, ఈ 2008 కథను ఒక పీరియడ్‌లో చెబితే పిల్లలకు సంతకం అంటే ఏమిటో జీవితాంతం గుర్తుంటుంది.

దీనికి విరుగుడు రెండు రకాలు. ఒకటి ఎండీ5ని వదిలేయడం, ర్యాపిడ్ఎస్ఎస్ఎల్ వెంటనే వదిలేసింది కూడా. రెండోది నాకు ఎక్కువ ఇష్టం, సీరియల్ నంబరును ఎవరూ ఊహించలేకుండా చేయడం. నంబరు సర్టిఫికెట్ మొదట్లోనే వస్తుందని చూశాం కదా. అది తెలియనిదే దొంగ లెక్క మొదలే కాదు. హాష్ బలహీనమైనా, సంతకం పెట్టేవాడు చివరి క్షణంలో వేసే యాదృచ్ఛిక సంఖ్య మొత్తం పన్నాగాన్ని చెడగొడుతుంది. 2016 నుంచి బహిరంగ జారీ సంస్థలు కనీసం 64 యాదృచ్ఛిక బిట్లు వేసి తీరాలి. ఎంకేసర్ట్ 128 బిట్ల పరిధిలో సంఖ్యను ఎంచుకుంటుంది. పాఠకుడు చూసిన ముప్పై రెండు అక్షరాలు అవే, ఒక్కో అక్షరానికి నాలుగు బిట్లు.

2019లో ఇంకో తమాషా బయటపడింది. సర్టిఫికెట్‌లో పూర్ణసంఖ్యల మొదటి బిట్ ధన, రుణ గుర్తుకి పోతుంది. సీరియల్ నంబరు ధనాత్మకంగా ఉండాలి కాబట్టి ఆ బిట్ ఎప్పుడూ సున్నానే. ఎనిమిది బైట్లు వాడి 64 బిట్లు అనుకున్న సంస్థలు నిజానికి ఇచ్చింది 63. ఆ ఒక్క బిట్ కోసం లక్షల సర్టిఫికెట్లు నిబంధనకు తప్పాయని తేలింది, వాటిని రద్దు చేసి కొత్తవి ఇవ్వాల్సొచ్చింది. కొందరు చాదస్తం అన్నారు. నేను అనను. 63 బిట్లతో ప్రమాదం ఏమీ లేకపోవచ్చు, కానీ ఈ సంస్థల నుంచి మనం కోరేదే రాసిన నియమాన్ని రాసినట్టు పాటించడం.

ఇక 1 వేస్తే సరిపోదా అన్న మాట. సొంత కంప్యూటర్లో, నేటి షా-256 హాష్‌తో దాడి భయం లేదు. కానీ రేపు పాతది చెరిపేసి, అదే పేరుతో కొత్త రూట్ చేసి, మళ్లీ 1 నుంచి మొదలుపెట్టారనుకోండి. జారీ చేసినవారి పేరు, సీరియల్ నంబరు రెండూ కలిసిన సర్టిఫికెట్లు రెండు ఎదురైతే ఫైర్‌ఫాక్స్ ఆ పేజీనే తెరవనని మొండికేస్తుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ వాడేటప్పుడు కూడా నంబరు చేత్తో ఇవ్వకండి, దాన్నే ఎంచుకోనివ్వండి.