విశ్వనాథ్ గారి సినిమాల్లో ఏది మిన్న?

గుంటూరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు, కె. విశ్వనాథ్ గారి సినిమాల్లో ఏది అన్నిటికన్నా గొప్పదని భోజనాల దగ్గర మీరు మొదలుపెట్టిన వాదం రైలెక్కేదాకా తెగలేదు. నా మాట అడిగితే ఉత్తరం రాస్తానన్నాను. పెదపులివర్రులో పుట్టి, మన గుంటూరులో హిందూ కళాశాలలోనూ ఏ.సి. కళాశాలలోనూ చదువుకున్న ఆ మహానుభావుడి గురించి చేతులు కడుక్కుంటూ ఏదో ఒక మాట అనేయడం నాకు ఇష్టం లేకపోయింది.

‘స్వాతిముత్యం’ మన దేశం తరఫున ఆస్కారు పోటీకి వెళ్లిందని అమ్మాయి అంది. నిజమే, కానీ బహుమతులతో ఈ తగవు తీరదు. ‘శంకరాభరణం’ పాటలకు మహదేవన్ గారికి, బాలు గారికి, వాణీ జయరాం గారికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. ‘సాగర సంగమం’ పాటలకు ఇళయరాజా గారికి, మళ్లీ బాలు గారికి వచ్చాయి. ఇక పెద్దవాడు చెప్పిన ‘శంకరాభరణం’ సంగతి వేరు. 1980లో పేరున్న కథానాయకుడు లేకుండా, డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తున్న సోమయాజులు గారిని నడివయసు విద్వాంసుడిగా నిలబెట్టి, సంగీతం మాట ఎత్తని ఇళ్లలో కూడా పిల్లలను పాట నేర్చుకోవడానికి పంపేలా చేసిన సినిమా అది. ఆ రోజుల్లో నన్ను అడిగి ఉంటే నేనూ తడుముకోకుండా దాని పేరే చెప్పేవాణ్ణి.

అయినా ఇప్పుడు నా ఓటు 1983లో వచ్చిన ‘సాగర సంగమం’కే. ఎందుకో చెబుతాను. రెండు సినిమాల చివరి ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ కళాకారుడు కన్నుమూస్తాడు, విద్య మరొకరికి చేరుతుంది. కానీ ‘శంకరాభరణం’లోని విద్వాంసుడు శంకరశాస్త్రి విద్య మీద ఆయనకు గానీ మనకు గానీ ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. తప్పంతా ఆయనను మరచిపోయిన లోకానిది. ఆయన పాటను అందుకునే పిల్లవాడు మొదటి నుంచీ భక్తితో ఆయన పాదాల దగ్గరే ఉంటాడు. ‘సాగర సంగమం’లోని నాట్యకారుడు బాలు అలాంటివాడు కాడు. విద్య ఉండి కూడా వేదిక దక్కక, తల్లిని పోగొట్టుకుని, తాగుడుకు లోబడి తనను తాను పాడుచేసుకున్న మనిషి. అతని విద్యను అందుకోవలసిన శైలజ, తన నాట్యాన్ని పత్రికలో విమర్శించాడని అతని మీద కోపం పెంచుకున్న అమ్మాయి. అంటే మూడేళ్ల కిందట తానే చెప్పిన కథను విశ్వనాథ్ గారు మళ్లీ చేతిలోకి తీసుకుని, అందులోని నిశ్చింతను తీసేసి, ఓడిపోయినవాడి దగ్గర కూడా విద్య బతికే ఉంటుందా అని అడిగారు. తనకు అంత పేరు తెచ్చిన కథనే అలా ప్రశ్నించుకోవడానికి ఎంతో గుండె నిబ్బరం కావాలి.

బావి గట్టు మీద తాగి ఆడుతున్న బాలు, వానకు తాను ప్రేమించిన మాధవి నుదుటి కుంకుమ చెదిరిపోతుందని చెయ్యి అడ్డుపెట్టే ఘట్టం గుర్తుంది కదా? భర్త పోయిన సంగతి అతనికి తెలియకూడదని ఆమె పెట్టుకున్న అబద్ధం ఆ కుంకుమ అని మనకు తెలుసు, అతనికి తెలియదు. ఒక్క సంభాషణ కూడా లేకుండా ఇద్దరి జీవితాలూ ఆ అరచేతి కింద కనబడతాయి. విశ్వనాథ్ గారు సినిమా రంగంలో శబ్దగ్రహణ శాఖలో పని మొదలుపెట్టారు. మాట ఎక్కడ ఆపాలో ఆయనకు అంత బాగా తెలియడానికి అదీ ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

చిన్నవాడి ‘స్వర్ణకమలం’ గురించి మాత్రం నా మనసు ఇంకా ఊగుతూనే ఉంది. చేతిలో ఉన్న విద్య విలువ తెలియని అమ్మాయి కథను అంత తేలికగా, అంత ప్రేమగా చెప్పడం సామాన్యమైన పని కాదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు దానినీ ‘సాగర సంగమం’నూ వరుసగా రెండు రాత్రులు చూద్దాం. పెద్దవాడు ఈలోగా ‘శంకరాభరణం’ మళ్లీ చూసి, నేను పైన రాసిన దానిలో ఎక్కడ పొరబడ్డానో రాసి పంపాలి.

మీ తాతయ్య